రోజుకు మూడు డాలర్లు, మైలుకు పది సెంట్లు

కాన్సస్, నెబ్రాస్కా టెరిటరీలను (ఇంకా రాష్ట్రాలు కాని ప్రాంతాలను) ఏర్పాటు చేస్తూ 1854లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం పేరు చెప్పగానే అందరికీ బానిసత్వం మీద జరిగిన రగడే గుర్తొస్తుంది. అదే చట్టంలో ఎవరూ పట్టించుకోని జీతాల పద్దు ఒకటుంది. టెరిటరీ శాసనసభ్యుడికి సభ జరిగిన రోజుకు 3 డాలర్లు, దారి ఖర్చుకు ప్రతి 20 మైళ్లకు 3 డాలర్లు. సభ నడిపే అధ్యక్షుడికి రోజుకు మరో 3 డాలర్లు అదనం. సిబ్బందిలో ప్రధాన గుమాస్తాకు రోజుకు 4 డాలర్లు. సహాయ గుమాస్తాకు, సభలో క్రమం కాపాడే సార్జెంట్-ఎట్-ఆర్మ్స్‌కు, తలుపు దగ్గర నిలబడే బంట్రోతుకు తలా 3. ఇంతకు మించి ఒక్క మనిషికి కూడా కేంద్ర ఖజానా జీతమివ్వదని అక్కడే రాసి పెట్టారు.

అంటే చట్టం చేసే సభ్యుడికీ, తలుపు తీసే బంట్రోతుకూ ఒకే కూలి. వాళ్ల చట్టాన్ని కాగితం మీద పెట్టే గుమాస్తాకు ఇద్దరికంటే ఒక డాలరు ఎక్కువ. ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది గానీ, పంతొమ్మిదో శతాబ్దపు పద్దులన్నిటిలో నాకు బాగా నచ్చినది ఇదే. ఎవరికి ఎంత, ఎంతమందికి అన్న రెండూ ఒకేచోట తేల్చేసింది. రాష్ట్రాలు మాత్రం చాలావరకు సగం పనే చేశాయి. సభ్యుడి రోజుకూలిని రాజ్యాంగంలోకెక్కించి బిగించాయి. సిబ్బంది, ప్రయాణం, కాగితాల పద్దులను వదులుగా వదిలేశాయి. చెరువుకు ఒకవైపే గట్టు ఎత్తుగా పోస్తే గండి ఎటు పడుతుందో మనకు తెలియనిది కాదు.

మొదట్లో కొన్నిచోట్ల ఈ భారం రాష్ట్రానిది కూడా కాదు. మసాచుసెట్స్‌లో ప్రతినిధి జీతం అతన్ని పంపిన ఊరే భరించాలి. 1780 రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర ఖజానా ఇచ్చేది రానుపోను దారి ఖర్చులే. అదీ సమావేశానికి ఒక్కసారే, సకాలంలో వచ్చి, అనుమతి లేకుండా వెళ్లిపోని సభ్యుడికే. బోస్టన్‌కు దూరంగా ఉన్న పేద ఊళ్లు ఏం చేశాయి? ఆ ఖర్చు పెట్టుకునే బదులు ప్రతినిధిని పంపడమే మానుకున్నాయి. ఇలా జరుగుతుందని ముందే ఊహించినట్టు, ప్రతినిధిని ఎన్నుకోని ఊరికి జరిమానా వేసే అధికారాన్ని ఆ రాజ్యాంగమే సభకిచ్చింది. జీతం ఎవరు కడతారన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, సభలో ఎవరి కుర్చీ ఖాళీగా ఉంటుందో తేల్చింది అదే.

రాష్ట్ర ఖజానా నుంచి రోజుకూలి ఇవ్వడం మొదలయ్యాక ఆ లెక్క ఎలా ఉండేదో చూడటానికి అబ్రహాం లింకన్ మొదటి సమావేశం పనికొస్తుంది. 1834లో ఇల్లినాయ్ ప్రతినిధుల సభకు ఎన్నికైనప్పుడు ఆయన చేతిలో డబ్బు లేదు. తెలిసినాయన దగ్గర 200 డాలర్లు అప్పు చేసి, అందులో 60 పెట్టి సూటు కుట్టించుకుని, అప్పటి రాజధాని వాండేలియాకు బయల్దేరాడు. సమావేశం డిసెంబరు 1 నుంచి ఫిబ్రవరి 13 వరకు, 75 రోజులు. రోజుకు 3 డాలర్ల చొప్పున 225. దారి ఖర్చులు కలిపి ఆయనకు ముట్టింది 258 డాలర్లు, రెండు విడతల్లో. మామూలు కూలివాడి రోజు సంపాదన డాలరుకు అటూఇటూగా ఉన్న కాలమది. కాబట్టి 3 డాలర్లు తక్కువేమీ కాదు, తాలూకా స్థాయి పల్లెటూరి మనిషికి మంచి కూలే. ఈ సంగతి దాటేసి, ఆ కాలం వాళ్లు సభ్యులను ఆకలితో మాడ్చారని రాసేవాళ్లతో నేను ఏకీభవించను. చిక్కు రోజుకూలిలో లేదు. దానికి పెట్టిన గడువులో ఉంది.

1837 ఆర్థిక సంక్షోభం తర్వాత కాలువలకూ, రైళ్లకూ చేసిన అప్పులతో చాలా రాష్ట్రాలు దివాలా అంచుకు చేరాయి. జనానికి శాసనసభలంటేనే విసుగొచ్చింది. 1840ల నుంచి రాసిన చాలా రాజ్యాంగాల్లో ఆ కోపం కనిపిస్తుంది. న్యూయార్క్ 1846 రాజ్యాంగం రోజుకు 3 డాలర్లు ఇచ్చింది, కానీ మొత్తం 300 దాటకూడదంది. అంటే వందో రోజుతో కూలి ఆగిపోతుంది. మిషిగన్ 1850లో ఇంకా కఠినం: రోజుకు 3 డాలర్లు, మొదటి సమావేశంలో 60 రోజులకు, ఆ తర్వాతి సమావేశాల్లో 40 రోజులకు, ‘ఆ పైన ఏమీ లేదు’. జబ్బుపడి రాకపోతే కూలి ఇస్తారు, ఊరికే రాకపోతే లేదు. టెక్సస్ 1869లో రోజుకు 8 డాలర్లు ఇచ్చి, 1876 రాజ్యాంగంలో దాన్ని 60 రోజుల వరకు 5కి, తర్వాత 2కి దించేసింది.

వీటన్నిటిలోకీ ఇల్లినాయ్ 1848 రాజ్యాంగం సంగతి చూడాలి. మొదటి 42 రోజులు రోజుకు 2 డాలర్లు, తర్వాత రోజుకు ఒక్క డాలరు. మొత్తం 84 డాలర్లు సంపాదించిన సభ్యుడికి 43వ రోజు పొద్దున లేవగానే కూలి సగమైపోతుంది. ఆ డాలరును పూటకూళ్ల ఖర్చే మింగేస్తుంది. ఇంటి దగ్గర దుకాణమో, వకీలు పనో, పొలమో ఎదురుచూస్తుంటుంది. ఉద్దేశం మంచిదే: త్వరగా పని ముగించి ఇళ్లకు పొండి అని. జరిగింది వేరు. పని తగ్గలేదు, దాన్ని 42 రోజుల్లో కుక్కారు. ఆ రోజుల్లో ఒక కంపెనీ పెట్టాలన్నా, ఒక ఊరికి పట్టణ హోదా కావాలన్నా విడిగా ప్రైవేటు చట్టం చేయించుకోవడం మామూలు. అలాంటి బిల్లులను ఒక్కొక్కటీ చదివి చర్చించే తీరిక ఎవరికుంది? కట్టలు కట్టి ఒకే ఓటుతో గట్టెక్కించారు. 1869 సమావేశంలో చేసిన ప్రైవేటు చట్టాలను అచ్చేస్తే నాలుగు సంపుటాలయ్యాయి. మరుసటి ఏడాదే రాజ్యాంగం తిరగరాసి, ఇలాంటి ప్రత్యేక చట్టాలను చాలా విషయాల్లో నిషేధించి, రోజుకూలిని 5 డాలర్లకు పెంచారు. రోజుకొక డాలరు మిగుల్చుకోబోయి, ఎవరూ చదవని చట్టాలు నాలుగు సంపుటాలు మూటగట్టుకున్నారన్నమాట.

ఇక దారి ఖర్చు. మన టీఏ బిల్లులు రాసేవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఇక్కడ మంచి ఉదాహరణ కేంద్రానిదే, కానీ రాష్ట్రాలకూ అదే పాఠం. 1818 చట్టం ప్రకారం కాంగ్రెస్ సభ్యుడికి ప్రతి 20 మైళ్లకు 8 డాలర్లు, అంటే మైలుకు 40 సెంట్లు, ‘మామూలుగా జనం వెళ్లే దారి’లో. స్టీమర్లు, రైళ్లు వచ్చాక జనం మామూలుగా వెళ్లే దారి చుట్టు తిరిగినా తొందరగా, చవగ్గా చేరుస్తుంది. ఖర్చు తగ్గింది, మైళ్లు పెరిగాయి, కూలి మైలు లెక్కన. 1848 డిసెంబరులో హొరేస్ గ్రీలీ తన ట్రిబ్యూన్ పత్రికలో సభ్యులు ఒక్కొక్కరూ ఎన్ని మైళ్లకు తీసుకున్నారో, తపాలా శాఖ లెక్కలో దగ్గరి దారి ఎన్ని మైళ్లో పక్కపక్కన అచ్చేశాడు. ఆయన కూడా అప్పుడు కొన్నాళ్ల పాటు అదే సభలో సభ్యుడు, ఆ ధైర్యానికి మెచ్చుకోవాలి. అప్పటికి కాంగ్రెస్ సభ్యుడైన లింకన్ కూడా ఆ జాబితాలో ఉన్నాడు. తీసుకున్నది 1,626 మైళ్లకు, దగ్గరి దారి 780. తేడా 846 మైళ్లు, రానుపోను 1,692, మైలుకు 40 సెంట్ల చొప్పున 676 డాలర్ల 80 సెంట్లు అదనం. లింకన్ దొంగలెక్క రాయలేదు, చట్టంలో రాసిన మాట ప్రకారమే తీసుకున్నాడు. తప్పంతా ‘మామూలుగా వెళ్లే దారి’ అన్న మాటలోనే ఉంది.

టెక్సస్ 1876లో ఈ కంతను పూడ్చిన తీరు చూడండి. ప్రతి 25 మైళ్లకు 5 డాలర్లు, దూరం ‘దగ్గరి, సూటి దారి’లో లెక్కించాలి, ప్రతి జిల్లా కేంద్రం నుంచి రాజధానికి ఎన్ని మైళ్లో రాష్ట్ర లెక్కలు చూసే కంప్ట్రోలర్ పట్టిక తయారుచేయాలి, సభ్యుడు చెప్పే దూరంతో పనిలేదు. పైగా ఒక సమావేశం ముగిసిన ఒక్క రోజులోపు ప్రత్యేక సమావేశం పిలిస్తే, దానికి దారి ఖర్చు లేదు. ఈ నిబంధన ఎందుకొచ్చిందో ఊహించడం కష్టం కాదు: ఊరు కదలకుండానే రెండోసారి ప్రయాణం చేసినట్టు రాసుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. అయినా ఈ పద్దు చిన్నది కాదు. ఎల్‌పాసో నుంచి ఆస్టిన్‌కు 575 మైళ్లనుకుంటే 23 పాతికలు, 115 డాలర్లు, రానుపోను 230. అది 46 రోజుల కూలికి సమానం. దూరపు సభ్యుడికి దారి ఖర్చే 60 రోజుల కూలిలో ముప్పావు వంతు.

దీని మీద రైలు కంపెనీలిచ్చే ఉచిత పాసు. పాసు మీద తిరిగి మైలు లెక్క ఖజానా నుంచి తీసుకుంటే ఖర్చు సున్నా, రాబడి పూర్తిగా. అంతకంటే పెద్ద నష్టం, రైలు బిల్లు సభకొచ్చిన రోజున ఆ పాసు జేబులో ఉండటం. పెన్సిల్వేనియా 1873లో, కాలిఫోర్నియా 1879లో, న్యూయార్క్ 1894లో రాజ్యాంగంలోనే పాసులను అడ్డుకున్నాయి. కాలిఫోర్నియాలో పాసు పుచ్చుకున్నవాడి పదవే పోతుంది.

కాగితాలు, స్టాంపులు, పత్రికల పద్దు గురించి రెండు మాటలు చాలు. మిషిగన్ దీనికి సమావేశానికి 5 డాలర్లు ఇచ్చింది, కాలిఫోర్నియా 25, ఇల్లినాయ్ 50. ఇల్లినాయ్ 1870 రాజ్యాంగంలో ‘తపాలా, స్టేషనరీ, పత్రికలు, ఇంకా ఇతర చిల్లర ఖర్చులు, లాభాలు అన్నిటికీ కలిపి’ అని రాశారు. ‘ఏ పేరుతోనూ, సూటిగా గానీ చాటుగా గానీ ఇంకేమీ లేదు’ అని కూడా. రాజ్యాంగంలో చాటుమాటు అన్న మాట రాయాల్సి వచ్చిందంటే అంతకుముందు ఎన్ని చాటులున్నాయో తెలుస్తూనే ఉంది. అదే నిబంధన చివర్లో ఒక మేలైన ఏర్పాటు చేశారు: ప్రతి సభ్యుడి కూలినీ, మైళ్లనూ స్పీకర్ ధ్రువీకరించాలి, సభ జర్నల్లో ఎక్కించాలి, సమావేశం ముగియగానే అచ్చేయాలి. మైళ్లను ఆడిటర్ లెక్కగట్టాలి. ఎన్ని పరిమితులు పెట్టినా రాని ఫలితం ఈ ఒక్క అచ్చు వల్ల వస్తుందని నా నమ్మకం. గ్రీలీ చేసిన పనిని రాజ్యాంగమే ప్రతి సమావేశానికీ చేయించింది.

ఇప్పుడు సిబ్బంది. ఆ కాలంలో సభ్యుడికి సొంత కార్యదర్శి, సహాయకుడు, ఆఫీసు గది ఏవీ లేవు. తన డెస్కే ఆఫీసు. సిబ్బంది అంతా సభది. ప్రధాన గుమాస్తా, ఆయన సహాయకులు, కమిటీ గుమాస్తాలు, సార్జెంట్, బంట్రోతులు, పొయ్యిలూ కట్టెలూ చూసుకునేవాళ్లు, అచ్చు కాగితాలు మడిచి పంచేవాళ్లు, కబుర్లు మోసే పేజీ కుర్రాళ్లు. వీళ్లందరిలో అసలు కష్టం శుద్ధప్రతి రాసేవాళ్లది. సవరణలన్నీ కలిపి మూడో పఠనానికి ముందు ఒక ప్రతి, రెండు సభలూ ఆమోదించాక సంతకాలకు మరో ప్రతి, రెండూ చేత్తోనే. ఈ రాతపనికి చాలాచోట్ల ఫోలియోకింత అని కట్టేవారు, ఫోలియో అంటే వంద మాటలు. గడువున్న సమావేశంలో బిల్లులన్నీ చివరి రెండు మూడు రాత్రుల్లో వచ్చి పడతాయి. అప్పటికప్పుడు రోజుకూలి రాతగాళ్లను పెట్టుకుంటారు. ఒకడు చదువుతుంటే ఒకడు సరిచూడాలి. ఆ సరిచూడటమే మొదట ఎగిరిపోయేది. సవరణ అంటించిన చీటీ ఊడిపోతుంది, ఒక సెక్షన్ రాయడం మరిచిపోతారు, స్పీకర్ సంతకం పెట్టేస్తాడు.

కేంద్రంలో అచ్చం ఇలాగే జరిగిందని 1890 సుంకాల చట్టం మీద వాదన వచ్చింది. పొగాకు మీద రాయితీ ఇచ్చే సెక్షన్ ఒకటి రెండు సభల్లోనూ నెగ్గింది, సంతకాలు పడ్డ ప్రతిలో లేదు. 1892లో ఫీల్డ్ వర్సెస్ క్లార్క్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిందేమిటంటే, రెండు సభలను నడిపే అధ్యక్షుల సంతకాలున్న ప్రతే ప్రమాణం, జర్నల్ తిరగేసి దాన్ని కొట్టేయలేం అని. అంటే గుమాస్తా రాసిందే చట్టం. ఇది తెలిశాక, ప్రధాన గుమాస్తాకు సభ్యుడి కంటే డాలరు ఎక్కువిచ్చిన 1854 పద్దు నాకు ఇంకా సబబుగా అనిపిస్తుంది.

అవసరమైన ఈ సిబ్బంది మధ్యే అనవసరమైనవాళ్లూ చేరారు. సభ్యుడు తన జీతం పెంచుకోలేడు, కానీ ఎన్నికల్లో తిరిగినవాడికి ‘కమిటీ గుమాస్తా’ ఉద్యోగం ఇప్పించగలడు. దానికి చట్టం అక్కర్లేదు, సభ తీర్మానం చాలు. సమావేశమే కాని కమిటీకి కూడా గుమాస్తా ఉంటాడు. పెన్సిల్వేనియా 1873 రాజ్యాంగం దీన్ని మూలంలో పట్టుకుంది: ప్రతి సభలో ఎంతమంది ఉద్యోగులు, ఏ పని, ఎంత జీతం అన్నది చట్టం ద్వారానే నిర్ణయించాలి, ఆ ప్రకారం నియమించి, నిజంగా పనిచేస్తున్న మనిషికి తప్ప ఖజానా నుంచి పైసా కదలకూడదు. స్టేషనరీ, కాగితం, కట్టెలు కూడా తక్కువకు పాడినవాడికే ఇవ్వాలంది.

కాలిఫోర్నియా మాత్రం సగం దూరమే వెళ్లింది. అక్కడ సభ ఉద్యోగిని ‘అటాషే’ అనేవారు. పేరు వింటే రాయబార కార్యాలయం గుర్తొస్తుంది, పనేమో కాగితాలు మడవడం. 1879 రాజ్యాంగం సభ్యుడికి రోజుకు 8 డాలర్లు, 60 రోజులకే, మైలుకు 10 సెంట్లు మించకుండా అని కట్టింది. అటాషేల విషయంలో ఒకసారి నియమించాక జీతం పెంచకూడదంది. ఎంతమందిని పెట్టుకోవచ్చో చెప్పలేదు. చివరికి 1908లో సవరణ తెచ్చి, మామూలు సమావేశంలో ఒక్కో సభ సిబ్బంది ఖర్చు రోజుకు 500 డాలర్లు దాటకూడదని పరిమితి పెట్టారు. లెక్క వేసి చూడండి. సెనేట్‌లో 40 మంది సభ్యులు. పాత రేటున రోజుకు 8 చొప్పున మొత్తం 320 డాలర్లు. సభ్యులందరికీ కలిపి 320 అయితే, వాళ్ల సిబ్బందికి పొదుపు కోసం పెట్టిన హద్దు 500! అంతకుముందు ఎంత దాకా వెళ్లి ఉంటుందో వేరే చెప్పాలా?

మంజూరైన డబ్బు చేతికందడం మరో తతంగం. స్పీకర్ సంతకంతో హాజరు ధ్రువపత్రం, దాన్ని ఆడిటరో కంప్ట్రోలరో చూసి ఇచ్చే వారంటు, అది పట్టుకుని కోశాధికారి దగ్గరికి. ఖజానాలో డబ్బుంటే సరే, లేకపోతే ‘నిధులు లేవు’ అని వెనకాల రాసి ఇస్తారు. సమావేశం మధ్యలో పూటకూళ్ల బాకీ తీర్చాల్సినవాడు ఆ కాగితాన్ని వ్యాపారికి తగ్గించి అమ్ముకోవాలి. కాలిఫోర్నియా తొలి శాసనసభ 1849 డిసెంబరులో శాన్ హోసేలో కూడినప్పుడు సభ్యుడికి రోజుకు 16 డాలర్లు, 20 మైళ్లకు 16 డాలర్లు. మిగతా రాష్ట్రాలతో పోలిస్తే రాచమర్యాదే. కానీ బంగారు వేట ధరలు ఒకవైపు, ఖాళీ ఖజానా ఇంకోవైపు. 1850 ఫిబ్రవరిలో ఆ రాష్ట్రం నెలకు 3 శాతం వడ్డీకి బాండ్లు అమ్మి డబ్బు తెచ్చుకోవాల్సి వచ్చింది. అలాంటి ఖజానా మీద రాసిన 16 డాలర్లు బజారులో 16 డాలర్లుగా చెల్లవు. చరిత్ర పుస్తకాలు మాత్రం ఆ సభను ‘వెయ్యి గుక్కల శాసనసభ’ అన్న తాగుబోతు పేరుతోనే గుర్తుపెట్టుకున్నాయి.

జీతం పెంచడానికి ఎవరైనా సాహసిస్తే ఏమవుతుందో కాంగ్రెస్ రెండుసార్లు చూపించింది. 1816లో రోజుకు 6 డాలర్ల కూలి తీసేసి ఏడాదికి 1,500 జీతం పెట్టుకుంటే, జనం తిరగబడి చాలామందిని ఇంటికి పంపారు, చట్టం రద్దయింది. 1873లో జీతం 5,000 నుంచి 7,500కు పెంచి, గడిచిపోయిన రెండేళ్లకు కూడా వర్తింపజేసుకున్నారు. తలా 5,000 డాలర్ల బకాయి! మరుసటి ఏడాది అదీ వెనక్కిపోయింది. ఆ కోపంలోనే ఒహాయో, 1789 నుంచి మూలనపడి ఉన్న ఒక సవరణను వెతికి ఆమోదించింది: పెంచిన జీతం మళ్లీ ఎన్నికలు జరిగాకే అమలుకావాలన్నది. అది 27వ సవరణగా రాజ్యాంగంలోకి వచ్చింది 1992లో. ఇల్లినాయ్, కాలిఫోర్నియా ఆ నియమాన్ని తమ రాజ్యాంగాల్లో అప్పటికే రాసుకున్నాయి. మన రాజ్యాంగం 195వ అధికరణం శాసనసభ్యుల జీతాన్ని ఆ సభ చేసే చట్టానికే వదిలింది, వచ్చే ఎన్నిక దాకా ఆగమని చెప్పలేదు. హైదరాబాదులోనైనా, అమరావతిలోనైనా ఈ ఒక్క వాక్యం అరువు తెచ్చుకుంటే తప్పులేదు.

జీతం పెంచితే లంచాలు పోతాయా అంటే, పోవు. న్యూయార్క్ సంగతే చూడండి. 128 మంది అసెంబ్లీ సభ్యులు, 32 మంది సెనేటర్లు, తలా 300 చొప్పున రాష్ట్రానికయ్యే మొత్తం ఖర్చు 48,000 డాలర్లు. 1870లో న్యూయార్క్ నగర చార్టర్ (నగర పాలన చట్టం) నెగ్గించుకోవడానికి రాష్ట్ర రాజధాని ఆల్బనీలో సెనేటర్లకు డబ్బు పంచానని నగర రాజకీయాలను గుప్పిట పెట్టుకున్న బాస్ ట్వీడ్ 1877లో స్వయంగా చెప్పాడు. 1874 సవరణ జీతాన్ని ఏడాదికి 1,500 చేసింది. అలా చేసినంత మాత్రాన ఆల్బనీ కడిగిన ముత్యం కాలేదు. కాకపోతే వందో రోజున సామాను సర్దుకునే తొందర పోయింది, బిల్లు చదవడానికి కూర్చున్నవాడు సొంత డబ్బు పోగొట్టుకోవడం ఆగింది. జీతం నుంచి అంతకంటే ఎక్కువ ఆశించకూడదు.

అంకెను రాజ్యాంగంలో చెక్కితే ఎంతకాలం ఉండిపోతుందో చెప్పడానికి రెండు రాష్ట్రాలున్నాయి. రోడ్ ఐలండ్ 1843లో రోజుకు ఒక డాలరు, మైలుకు 8 సెంట్లు అని రాసుకుంది. దాన్ని 5 డాలర్లు చేయడానికి 1900 దాకా పట్టింది. న్యూ హాంప్‌షైర్ 1889లో సభ్యుడికి పదవీకాలం మొత్తానికి 200 డాలర్లని, స్పీకర్‌కూ సెనేట్ అధ్యక్షుడికీ 250 అని రాసుకుంది. పదవీకాలం రెండేళ్లు. ఆ 200 ఇప్పటికీ 200గానే ఉంది. దిగువ సభలో 400 మంది. ఏడాదికి తలా 100 చొప్పున మొత్తం 40,000 డాలర్లు. వేళకు హాజరై, అనుమతి లేకుండా వెళ్లిపోని సభ్యుడికే అన్న షరతు కూడా పాత మాటల్లోనే అలాగే ఉంది. మైళ్ల పద్దు మాత్రం వేరుగా కడతారు.